మొదటి మాత్రకు ముందు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, పిల్లలకు ఇంజనీరింగు చదువుల గురించి ఒక ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. దాని గురించి చెప్పడానికి మా బ్యాచ్‌లోనే ఆరుగురున్నారండీ. వాళ్ళ పిల్లలూ ఇంజనీర్లే. అందుకని వేరే సంగతి చెబుతానన్నాను. ఆయన కాదనలేదు. సంక్రాంతికి మన సంఘం పెట్టే ఉచిత వైద్య శిబిరం గురించి మీ అందరినీ ఒక మాట అడగాలి. అది అడిగే ముందు మీకు కొంత చెప్పాలి.

నాది ఇన్‌స్ట్రుమెంటేషన్ పని. పాతికేళ్ళకు పైగా ఆసుపత్రుల లేబొరేటరీల్లో యంత్రాలు బిగించడం, చెడిపోతే బాగుచేయడం, అవి చూపించే అంకె నమ్మదగిందో కాదో పరీక్షించడం. డాక్టర్ని కాను. ఏ జబ్బుకు ఏ మందో నన్ను అడగకండి, తెలిసినట్టు మాట్లాడను. కానీ ఆ మందును ఎంచుకోవడానికి ఉన్న కొలత ఒకటుంది. అది ఎలా తయారవుతుందో, ఎక్కడ చెడుతుందో నాకు బాగా తెలుసు. దాన్ని కల్చర్ అండ్ సెన్సిటివిటీ అంటారు. ఒంట్లో జబ్బు చేసిన బాక్టీరియా ఏదో పెంచి చూడటం కల్చర్. అది ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతుందో, దేనికి లొంగదో తేల్చడం సెన్సిటివిటీ.

ఈ మందులకూ మన జిల్లాకూ చుట్టరికం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లో, ఆయన దగ్గర పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో అదే మొదటిది. డగ్గర్ గారు విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, డెబ్భై దాటాక ఆ ఉద్యోగంలో చేరి కనిపెట్టారు. రిటైరైన మాస్టార్లు ఈ మాట గమనించాలి. సుబ్బారావు గారు మాత్రం ఆ ఏడాది ఆగస్టులోనే పోయారు.

దానికి మూడేళ్ళ ముందే, 1945లో నోబెల్ బహుమతి ప్రసంగంలో, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ ఒక హెచ్చరిక చేశారు. చాలీచాలని మోతాదులో మందు వేస్తే సూక్ష్మజీవి చావదు, ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటుంది అని. ఆ తర్వాత లోకమంతటా అదే జరిగింది. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమైన మరణాలు 12 లక్షల 70 వేలు.

ఇక పరీక్ష దగ్గరికి వస్తాను. "కల్చర్ రిపోర్టుకు మూడు రోజులా? షుగర్ పరీక్ష గంటలో ఇస్తారే" అని అందరూ అడుగుతారు. షుగర్ రక్తంలో ముందే ఉంది, కొలిస్తే చాలు. ఇక్కడ కొలవాల్సిన దాన్ని ముందు పండించాలి. మూత్రమో, చీమో, కఫమో తెచ్చి పెట్రీ గిన్నెలోని మేత మీద గీస్తారు. అందులో ఉన్న ఒక్కొక్క జీవీ రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది అవుతూ పోతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై అనే బాక్టీరియా, మంచి మేత దొరికితే, 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పదో తరగతిలో మనం బట్టీపట్టిన గుణశ్రేఢి ఇదే. మన లెక్కల మాస్టారు అడిగినట్టే అడుగుతాను: ఒక్కటి 8 గంటల్లో ఎన్ని? 24 రెట్టింపులు, అంటే 1,67,77,216. అందుకే కంటికి కనబడని జీవి తెల్లారేసరికి గిన్నెలో ఆవగింజంత చుక్కగా కనబడుతుంది. అది మొదటి రాత్రి. దాన్ని గుర్తుపట్టి, మందులకు ఎదురుగా పెట్టి చూడటానికి ఇంకో రాత్రి. రక్తమైతే ముందు సీసాలో పెరగాలి. నేను ఎక్కువగా చూసే యంత్రం అదే. సీసా అడుగున ఒక సెన్సర్ ఉంటుంది. లోపల బాక్టీరియా ఊపిరి వదిలితే, అంటే కార్బన్ డయాక్సైడ్ పుడితే, దాని రంగు మారుతుంది. యంత్రం పది నిమిషాలకోసారి ఆ రంగు చూసి, మారితే గంట కొడుతుంది. మామూలుగా అయిదు రోజులు చూస్తారు. ఇప్పుడు కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో గంటల్లో చెప్పే యంత్రాలూ వచ్చాయి. మన తాలూకా కేంద్రంలో ఇంకా రెండు రాత్రుల పద్ధతే.

రెండో రాత్రి పని చూడముచ్చటగా ఉంటుంది. జెల్లీలాంటి మేత పోసిన గిన్నె మీద బాక్టీరియాను సమానంగా పులిమి, 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్ళలు పెడతారు. ఒక్కో బిళ్ళకు ఒక్కో మందు పట్టించి ఉంటుంది. 35 డిగ్రీల వేడిలో 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. తెల్లారి చూస్తే గిన్నె అంతా పొగమంచు కమ్మినట్టు బాక్టీరియా, కొన్ని బిళ్ళల చుట్టూ మాత్రం ఖాళీ వలయం. అక్కడ మందు పనిచేసింది. వలయం లేదంటే పనిచేయలేదు. మధ్యరకం కూడా ఉంటుంది కాబట్టి వలయాన్ని స్కేలు పెట్టి కొలవాలి. సియాటిల్ నగరంలో బాయర్, కిర్బీ, వాళ్ళతో పనిచేసిన మరో ఇద్దరు 1966లో దీనికి ఒక కట్టుదిట్టమైన పద్ధతి రాశారు. ఇప్పటికీ ఊరూరా వాడుతున్నది దాని సంతానమే.

ఆ జెల్లీ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. మందంగా పోస్తే వలయం చిన్నదవుతుంది, మంచి మందు పనికిరాదని తేలుతుంది. పల్చగా పోస్తే వలయం పెద్దదవుతుంది, పనిచేయని మందు పనిచేస్తుందని రిపోర్టు వస్తుంది. ఈ రెండో తప్పు ప్రాణం మీదికి తెస్తుంది. కరెంటు పోయి ఫ్రిజ్ వెచ్చబడితే బిళ్ళల్లో పస తగ్గుతుంది. మన సైన్సు మాస్టారు కొలజాడీ చేతికిచ్చి, "కన్ను నీటిమట్టానికి సమానంగా పెట్టరా, పైనుంచి చూసి అంకె చెప్పకు" అని నెత్తిన మొట్టేవారు. లేబొరేటరీలో స్కేలు పట్టుకున్న కుర్రవాణ్ణి చూసినప్పుడల్లా నాకు ఆ మొట్టికాయ గుర్తొస్తుంది. అందుకే మంచి లేబొరేటరీ ఎప్పటికప్పుడు గుణం ముందే తెలిసిన బాక్టీరియాతో పరీక్ష చేసి చూసుకుంటుంది, తెలిసిన రాయి వేసి తక్కెడ సరిచూసుకున్నట్టు. అలాంటి ఈ.కోలై ఒకటి ప్రపంచమంతా వాడతారు, దాని నంబరు ఏటీసీసీ 25922. మీరు లేబొరేటరీకి వెళ్తే "ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా?" అని అడగడంలో తప్పు లేదు. అడిగితే కోప్పడే లేబొరేటరీలు నేను చూశాను. అక్కడ నేనైతే రక్తం ఇవ్వను.

రిపోర్టు చదవడం గురించి రెండు మాటలు. మందు పేరు పక్కన ఎస్ అని ఉంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఐ అన్నదే తికమక. యూరప్ పద్ధతిలో 2019 నుంచి దాని అర్థం డోసు పెంచితే పనిచేస్తుందని. కొలత హద్దులు కూడా మారుతుంటాయి. ఈ.కోలై మీద సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ళకు 23 మిల్లీమీటర్ల వలయం వస్తే, అమెరికా పాత పట్టిక ప్రకారం ఎస్. 2019లో మారిన పట్టిక ప్రకారం ఐ. వలయం అదే, బాక్టీరియా అదే. రోగులకు ఏమవుతోందో చూసి హద్దు జరిపారు. గోడకు పాత పట్టిక అంటించి ఉన్న లేబొరేటరీ పాత జవాబే ఇస్తుంది.

కొన్ని రిపోర్టుల్లో ఎంఐసీ అని అంకె వేస్తారు. బాక్టీరియా పెరుగుదలను ఆపడానికి ఎంత తక్కువ మందు చాలో చెప్పే అంకె అది. మనవాళ్ళు ఏం చేస్తారంటే, అన్నిటికంటే చిన్న అంకె ఉన్న మందే గొప్పదనుకుంటారు. అమెరికా నుంచి కొడుకులు వాట్సాప్‌లో రిపోర్టు చూసి అదే అంటారు, వాళ్ళ డాక్టర్‌ను తొందరపెడతారు. అలా పోల్చకూడదు. నైట్రోఫ్యురంటాయిన్ పక్కన 16 ఉంటే లొంగినట్టు. మెరోపెనెమ్ పక్కన 2 ఉంటే అమెరికా పట్టిక ప్రకారం పూర్తిగా లొంగినట్టు కాదు. ఏ మందు హద్దు ఆ మందుదే. ఇంకోటి, ఎస్ అని ఉన్న ప్రతి మందూ ఆ మనిషికి సరిపడదు. ఆ నైట్రోఫ్యురంటాయినే చూడండి. అది మూత్రాశయంలో బాగా పనిచేస్తుంది. ఇన్ఫెక్షన్ మూత్రపిండానికో రక్తానికో ఎక్కితే అక్కడికి చాలినంత చేరదు. గిన్నెలో గెలిచిన మందు ఒంట్లో గెలవాలంటే డాక్టరు బుర్ర కావాలి. అసలు మందు అక్కర్లేని రిపోర్టులూ ఉంటాయి. పెద్దవాళ్ళలో చాలామందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా కనబడుతుంది. గర్భిణులకూ, మూత్రనాళాల ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళకూ తప్ప మామూలుగా దానికి మందు వేయరు.

ఇదంతా ఒక ఎత్తు. ఈ కొలతను మనం చెడగొట్టే చోట్లు రెండున్నాయి, రెండూ లేబొరేటరీ గోడల బయటే.

మొదటిది, మందు వేసుకున్నాక శాంపిల్ ఇవ్వడం. జ్వరం రాగానే మెడికల్ షాపులో రెండు మాత్రలు, తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజక్షన్, అదీ కాకపోతే పట్నం. అక్కడ కల్చర్ పంపితే "నో గ్రోత్". బాక్టీరియా పోలేదు. గిన్నెలో మొలవకుండా సగం చచ్చింది, ఒంట్లో మిగతా సగం అలాగే ఉంది. ఆర్‌ఎంపీలను తిట్టడం నాకు ఇష్టముండదు. రాత్రి పదకొండింటికి తలుపు తడితే తీసేది వాళ్ళే. కానీ ఆ ఒక్క ఇంజక్షన్‌తో మనకు దొరకాల్సిన జవాబు పోతుంది. టైఫాయిడ్ సంగతి మరీ అన్యాయం. విడాల్ పరీక్షలో పాజిటివ్ వస్తే టైఫాయిడ్ అనేసి పద్నాలుగు రోజుల ఇంజక్షన్లు రాయడం మనకు అలవాటైంది. ఆ పరీక్ష బాక్టీరియాను చూపించదు, ఏ మందు పనిచేస్తుందో చెప్పదు. రక్తం కల్చర్ ఆ రెండూ చెబుతుంది. చెప్పడం ఎందుకు ముఖ్యమంటే ఈ జీవి మారుతూ ఉంటుంది. క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్‌కు బ్రహ్మాస్త్రంగా ఉన్న రోజుల్లో, 1972లో, కేరళలో కోజికోడ్‌లో దానికి లొంగని టైఫాయిడ్ వచ్చింది. తర్వాత సిప్రోఫ్లాక్సాసిన్ వాడారు, అదీ అరిగిపోయింది. విచిత్రమేమిటంటే, పక్కన పెట్టేసిన ఆ పాత మందులకు మన దేశంలో టైఫాయిడ్ జీవి చాలావరకు మళ్ళీ లొంగుతోంది. ఆ సంగతి కల్చర్ చేసినవాళ్ళకే తెలిసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నా మాట పట్టుకుని ఎవరూ మందు ఆపేయకండి. చలిజ్వరంతో మనిషి మగతగా పడి ఉంటే, బీపీ పడిపోతుంటే, రిపోర్టు కోసం మూడు రోజులు కూర్చోవడం పిచ్చితనం. రక్తం తీయడానికి అయిదు నిమిషాలు. తీసిన వెంటనే డాక్టరు అంచనా మీద గట్టి మందు మొదలుపెడతారు, పెట్టాలి. జవాబు వచ్చాక దాన్ని మారుస్తారు.

మారుస్తారు అన్నాను. రెండో చోటు అదే.

మూడేళ్ళ క్రితం మా అమ్మకు అలాంటి జ్వరమే వచ్చింది. అప్పటికి 78 ఏళ్ళు. మా చెల్లెలు పట్టణంలో ఒక ఆసుపత్రిలో చేర్పించింది. చేర్చిన గంటలోనే మూత్రం, రక్తం తీసి కల్చర్‌కు పంపారు, తర్వాతే ఇంజక్షన్ మొదలుపెట్టారు. పద్ధతి ప్రకారం చేశారు, అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి. నేను పూణేలో ఒక యంత్రం బిగింపులో ఉండి అయిదో రోజు ఉదయానికి చేరాను. జ్వరం అలాగే ఉంది. మంచం కాళ్ళ దగ్గర ఫైలు వేలాడుతోంది. వృత్తి అలవాటు కొద్దీ తెరిచాను. కల్చర్ రిపోర్టు ఉంది, మూడో రోజు సాయంత్రం తేదీతో. ఈ.కోలై. నాలుగు రోజులుగా అమ్మకు ఎక్కిస్తున్న మందు పేరు పక్కన ఆర్. దాని కింద ఎస్ ఉన్న మందులు నాలుగు.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకు చూపించాను. ఆ అబ్బాయి ముఖం మారిపోయింది. పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాడు, అరగంటలో మందు మారింది. రెండో రోజుకు జ్వరం దిగింది. మూడు వారాలకు అమ్మ ఇంటికి వచ్చింది. మూత్రపిండాలు మాత్రం మునుపటిలా కోలుకోలేదు. ఇప్పుడు నీళ్ళు కూడా కొలిచి తాగుతుంది, ఊరగాయ ముట్టనివ్వరు. ఆవకాయ పెట్టడంలో మా వీధికంతటికీ పెద్ద ఆవిడ.

నేను ఎవరి మీదా కేసు పెట్టలేదు. మా చెల్లెలు పెట్టమంది. ఆలోచిస్తే, ఎవరూ రిపోర్టు దాచలేదు. లేబొరేటరీ వేళకే ఇచ్చింది, నర్సు ఫైలులో జాగ్రత్తగా పెట్టింది. దాన్ని తెరిచి చదివి మందు మార్చే పని ఎవరిదో ఎవరికీ అప్పగించలేదు. ఫ్యాక్టరీలో అలారం మోగితే ఫలానావాడు లేవాలని రాసి ఉంటుంది. ఇక్కడ అలారం కాగితం మీద మోగింది. కొన్ని ఆసుపత్రుల్లో లేబొరేటరీవాళ్ళే ఇలాంటి ఫలితాన్ని ఫోన్ చేసి చెబుతారు, చెప్పినట్టు పుస్తకంలో రాసుకుంటారు. అది లేని చోట మంచం పక్కన కూర్చున్నవాళ్ళు అడగాలి. తగవు పెట్టుకోనక్కర్లేదు. "డాక్టరు గారూ, కల్చర్ రిపోర్టు వచ్చిందాండీ? అది చూశాక మందు ఇదే ఉంచుతారా, మారుస్తారా?" అంటే చాలు. ఈ ప్రశ్నకు కోప్పడిన డాక్టరును నేను ఇంతవరకు చూడలేదు.

మార్చడమంటే ఎప్పుడూ పెద్ద మందుకు ఎక్కడం కాదు. చిన్న మందు సరిపోతుందని తేలితే దిగాలి కూడా. మన దగ్గర ఎక్కడం తెలుసు, దిగడం తెలియదు. "తగ్గుతోంది కదా, ఇప్పుడెందుకు కదిలించడం" అంటారు ఇంట్లోవాళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులు చేసింది: మామూలుగా వాడేవి, కనిపెట్టుకుని వాడాల్సినవి, చివరికి దాచుకోవాల్సినవి. దాచుకోవాల్సిన వాటిని ముందే ఖర్చు చేస్తే తర్వాత మంచమెక్కినవాడికి ఏమీ ఉండదు. చెరువులున్న మిత్రులకూ ఒక మాట. రొయ్యలో క్లోరాంఫెనికాల్ ఆనవాళ్ళు దొరికితే సరుకు వెనక్కొస్తుందని మీకు నాకంటే బాగా తెలుసు. కోళ్ళకు, పశువులకు, చేపలకు కొలిస్టిన్ వాడకూడదని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. మనుషులకు అది దాదాపు చివరి మందు.

ఇప్పుడు మన శిబిరం. కంటి పరీక్ష, బీపీ, షుగర్, పళ్ళు, అన్నీ బాగున్నాయి. కానీ దగ్గు, జలుబు అన్నవాళ్ళందరికీ మూడు మాత్రల అజిత్రోమైసిన్ పట్టీ చేతిలో పెడుతున్నాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దాన్నేమీ చేయదు. పోయిన సంక్రాంతికి మిగిలిన రెండు అట్టపెట్టెలు సంఘం గదిలో ఇంకా ఉన్నాయి, నిన్న చూశాను. విరాళాల జాబితాలోంచి యాంటీబయాటిక్‌లు తీసేయమని నా మనవి.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే మా సీనియర్ అన్నయ్య ఒకాయన, "ఒరేయ్, జనం వచ్చేదే మాత్రల కోసం. ఖాళీ చేతులతో పంపితే వచ్చే ఏడు ఎవడొస్తాడు?" అన్నారు. సబబైన మాటే. నేనూ ఖాళీ చేతులతో పంపమనడం లేదు. ఆ డబ్బుతో పరీక్షలు చేయిద్దాం. మూత్రంలో మంట, మాటిమాటికీ తిరగబెట్టే జ్వరం, మానని పుండు ఉన్నవాళ్ళలో ఎవరికి కల్చర్ అవసరమో శిబిరంలో డాక్టరు తేలుస్తారు. వాళ్ళ పరీక్ష ఖర్చు సంఘానిది. మొదటి ఏడాది మా బ్యాచ్ భరిస్తుంది, మావాళ్ళను అడిగాను. రిపోర్టు వచ్చాక దాన్ని శిబిరం డాక్టరుకు చూపించి, రోగికి ఫోన్ చేసి చెప్పే మనిషి ఒకరుండాలి, పేరు ముందే రాసి పెట్టాలి. ఆ పేరు లేకుండా పరీక్షలు మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను.

మూత్రం శాంపిల్ రెండు గంటల్లో లేబొరేటరీ చేరాలి, లేదా చల్లగా ఉంచాలి. మన ఊరి నుంచి పట్టణానికి పండగ రద్దీలో గంటన్నర. ఐస్ పెట్టె, స్టెరైల్ సీసాలు నేను తెస్తాను. పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి పెట్టె తీసుకెళ్ళడానికి మోటారు సైకిలున్న తమ్ముళ్ళు ఇద్దరు కావాలి. సభ అయ్యాక సంఘం గది దగ్గర ఉంటాను, పేర్లు అక్కడ ఇవ్వండి.